కొత్త ట్రిగ్గర్ వేయించిన రైఫిల్‌ను విశాఖలో రేంజికి తీసుకెళ్లే ముందు

ఈ పరీక్షలు బోల్ట్ యాక్షన్ (బోల్ట్‌ను చేత్తో వెనక్కి లాగి మూసే) పాయింట్ 22 రైఫిళ్లకు. మ్యాగజైన్ తీసి, ఛాంబర్‌ను (తూటా కూర్చునే చోటును) కంటితో చూసి, వేలితో తడిమి, తూటాలు వేరే గదిలో పెట్టాకే మొదలుపెట్టండి.

- కాక్ చేసి (ఫైరింగ్ పిన్ పడడానికి సిద్ధంగా ఉండేలా బోల్ట్ మూసి), సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలండి. ఇప్పుడు ట్రిగ్గర్ ముట్టకుండా సేఫ్టీ తీయండి. టక్కుమని ఫైరింగ్ పిన్ పడిందా? సియర్‌ను, అంటే ట్రిగ్గర్ నొక్కేదాకా పిన్‌ను ఆపే లోహపు ముక్కను, సేఫ్టీ పట్టి ఉంచడం లేదన్నమాట. అన్నిటికంటే ప్రమాదం ఇదే: తూటా ఉంటే సేఫ్టీ తీయగానే పేలుతుంది. పదిసార్లలో ఒక్కసారి పడినా ఆ రైఫిల్ రేంజికి వద్దు.

- బోల్ట్‌ను పదిసార్లు విసురుగా మూయండి. తర్వాత కాక్ చేసి, సేఫ్టీ తీసి, రైఫిల్ మడమను (భుజానికి ఆనే చివరను) రబ్బరు సుత్తితో తట్టండి. పిన్ పడితే సియర్ పట్టు చాలడం లేదు. ట్రిగ్గర్ తేలిక కోసం దాని స్క్రూ మరీ తిప్పేస్తే వచ్చేది ఇదే.

- సేఫ్టీ మీట బిగుసుకుందా? స్టాక్ (రైఫిల్ చెక్క భాగం) విప్పి చూడండి. విడిగా బాగా కదిలితే చెక్క రాసుకుంటోంది. అక్కడ చెక్కే తీయాలి. మీటను మాత్రం ఆకురాయి పెట్టి అరగదీయకండి, పోయిన లోహం తిరిగి రాదు.

- సియర్‌కు చిక్కటి నూనె వద్దు. దుమ్ము పట్టి జిగురై, సియర్ వెనక్కి రావడం ఆలస్యమవుతుంది. మన ఉప్పుగాలికి స్ప్రింగులు, స్క్రూలు తుప్పు పడతాయి కాబట్టి పల్చటి పూత చాలు.

- లోపం కనిపిస్తే లైసెన్సున్న ఆర్మరర్‌కే (తుపాకులు బాగుచేసేవారికే) ఇవ్వండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మరమ్మతు వ్యాపారానికీ లైసెన్సు ఉండాలి.