కాలువకి నీళ్లు రాకముందే: పాము మీద చేయి వేసేవాళ్లకి

జూన్‌లో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి గోదారి డెల్టా కాలువలకి నీళ్లు వదిలితే, సార్వా (ఖరీఫ్ వరి) దమ్ములు మొదలయ్యేసరికి మన చేలల్లో బొరియలన్నీ నీళ్లతో నిండిపోతాయి. ఎలకలు గట్టెక్కుతాయి. వాటి వెనకే పాములూ గట్టెక్కుతాయి. గట్టు మీద చోటు చాలనివి గడ్డిమేటులోకి, కొబ్బరి మట్టల పోగులోకి, పశువుల పాకలోకి, ఒక్కోసారి వంటింట్లోకి వస్తాయి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో పోయినవాళ్లు దాదాపు 12 లక్షల మంది అని 2020లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. అందులో సగం మరణాలు జూన్, సెప్టెంబర్ మధ్యనే.

పాములంటే భయపడేవాళ్లకి నేను కొత్తగా చెప్పాల్సింది తక్కువ, వాళ్లు ఎలాగూ దూరంగానే ఉంటారు. నా దిగులంతా భయం పోయినవాళ్ల గురించి. హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో పాముని పెంచుకుంటూ వానలకి ఊరొచ్చే పిల్లలు, వీడియోలు చూసి పాములు పట్టడం నేర్చుకున్న కుర్రాళ్లు.

మా అక్క కొడుకు మూడేళ్లుగా బాల్ పైథాన్ అనే చిన్న జాతి కొండచిలువని పెంచుతున్నాడు. అది ఆఫ్రికా పాము, విషం ఉండదు, బెదిరితే తల మధ్యలో దాచుకుని ఉండలా చుట్టుకుంటుంది. దాన్ని రోజూ ఎత్తీ దించీ వాడి చేతికి ఒక అలవాటు పడింది. కిందటేడు ఆషాఢంలో మా ఇంటికొచ్చాడు. పెరట్లో తడిసిన మట్టలు తీస్తుంటే అడుగున లావుగా, గోధుమ రంగులో, మచ్చలు మచ్చలుగా ఏదో చుట్టుకుని ఉంది. "మావయ్యా, కొండచిలువ పిల్ల!" అంటూ కూర్చుండిపోయాడు. చేయి అప్పటికే చాచేశాడు. వేళ్లకీ దానికీ మధ్య జానెడున్నర ఉంటుందేమో. కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస్సుమంది. నేను చొక్కా కాలర్ పట్టుకుని వెనక్కి లాగేశాను. అది రక్తపింజర.

ఈ పొరపాటు వాడొక్కడిదే కాదు. పింజరని కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో ఎత్తినవాళ్లు చాలామంది ఉన్నారు. తేడా చెబుతాను, కానీ ఇది దూరం నుంచి చూసి తప్పుకోవడానికే, దగ్గరికెళ్లి తేల్చుకోవడానికి కాదు. పింజర వీపు మీద మచ్చలు గొలుసులో వేసిన కాసుల్లా వరసగా ఉంటాయి, ఒక్కోదానికి చుట్టూ నల్ల అంచు ఉంటుంది. ఒళ్లు గరుకుగా, మెరుపు లేకుండా ఉంటుంది. కొండచిలువ మచ్చలకి వరస ఉండదు, ఎలా పడితే అలా అతుకులు వేసినట్టుంటాయి, చర్మం నున్నగా మెరుస్తుంది. మట్టి అంటుకున్న పాము మీద, సాయంత్రం వెలుతురులో ఈ తేడాలేవీ కనపడవు. చుట్టుకుని, కదలకుండా, బుస కొడుతున్న లావుపాటి పాము ఏదైనా మన డెల్టాలో పింజరే అనుకోండి. ఆరడుగులు వెనక్కి జరగండి.

పెంపుడు పాము దగ్గర కూడా చేతికి పద్ధతి ఉండాలి. మేత మింగాక రెండు రోజులు ముట్టుకోకూడదు, కంగారులో కక్కేస్తుంది. కళ్లు పాలరంగుకి తిరిగాయంటే కుబుసం విడవబోతోంది, దానికి సరిగ్గా కనపడదు, వదిలేయండి. ఎలక వాసన ఉన్న చేత్తో పెట్టె తెరిస్తే ఆ చేతినే మేత అనుకుంటుంది. మూత తీయగానే పైనుంచి చేయి దించొద్దు. ముందు కొక్కెం కర్రతో వీపు మీద మెల్లగా తాకి, ఇది మేత వేళ కాదని తెలియనిచ్చి, తర్వాత పక్క నుంచి నడుం కింద చేయి వేసి, రెండో చేత్తో మిగతా ఒళ్లు మోయండి. మెడ పట్టుకోవద్దు. కరిచి పట్టుకుంటే లాగకండి, పళ్లు లోపలికి వంగి ఉంటాయి, లాగితే చర్మం చీరుతుంది. చన్నీళ్లు పోస్తే వదిలేస్తుంది. ఆ తర్వాత సబ్బుతో కడగండి. కరవకపోయినా, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బు తప్పదు, పాముల ఒంటి మీద జబ్బు చేసే సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉంటుంది.

ఊరికి తెచ్చేటప్పుడు పెట్టెకి తాళం వేయండి. అది తప్పించుకుంటే చూసినవాళ్లు పింజర అనుకుని కర్ర తీస్తారు. వాళ్ల తప్పు కూడా కాదది. ఇలాంటి విదేశీ పాముల వివరాలు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మన నేల పాముల్ని మాత్రం, అది తాచైనా జెర్రిపోతైనా, పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఇక పనిముట్ల సంగతి. అటవీ శాఖకి చెప్పి, నేర్చుకుని పట్టేవాళ్ల కోసమే ఇది. మిగతావాళ్లు పాము మీద చూపు పెట్టి, పిల్లల్నీ కుక్కనీ లోపల వేసి, పట్టేవాళ్లకి ఫోన్ చేస్తే చాలు. కొక్కెం కర్ర మూడున్నర అడుగులకి తగ్గకూడదు. దాంతో పాముని నొక్కకూడదు, నడుంకి కాస్త ముందు కింద నుంచి పెట్టి ఎత్తాలి. బరువు కుదిరితే పాము దానంతటదే ఆగుతుంది. దవడలున్న టాంగ్స్ కొత్తవాళ్లకి ధైర్యమిస్తాయి, పాముకి మాత్రం పక్కటెముకలు విరుగుతాయి. నొప్పెట్టిన పామే తిరగబడుతుంది. నాకు అన్నిటికంటే నమ్మకమైంది పైపూ సంచీ. మూడంగుళాల పీవీసీ పైపు ఒక గజం ముక్క, దాని చివర కట్టిన పొడవాటి నల్లగుడ్డ సంచి. పాముకి చీకటి కన్నం కనపడితే దానంతటదే దూరుతుంది. దూరాక సంచి మూతిని కర్రతో అదిమి, మెలిపెట్టి కట్టి, మూతున్న డ్రమ్ములో పెట్టండి. సంచిని తొడకి ఆనించి మోయొద్దు. గుడ్డలోంచి కూడా కరుస్తుంది.

పింజర తల వెనక పట్టుకోవడం అనే విద్యని మర్చిపోండి. దాని కోరలు పొడుగు, మడత పడి తెరుచుకుంటాయి, పట్టుకున్న వేలి మీదికే పక్కగా తిప్పగలదు. తోలు గ్లవుజులు దాన్ని ఆపవు. తోక పట్టుకుని ఫొటోకి నిలబడటం గురించి ఏం చెప్పను, చేతికి కాటు పడి ఆసుపత్రికి వచ్చేవాళ్లలో ఆ ఫొటోల వాళ్లూ ఉంటున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

కట్లపాము ఇంకో మాయ. పగలు మెత్తగా, తల ఒంటికింద దాచుకుని ఉంటుంది, చేత్తో ఎత్తితే కూడా ఊరుకునేలా కనపడుతుంది. రాత్రయితే అదే పాము వేరు. అచ్చం దానిలాగే చారలుండే విషం లేని పాము ఒకటి మన ఇళ్లలో తిరుగుతుంది. దాని చారలు మెడ దగ్గర స్పష్టంగా ఉండి తోకకి పోనుపోను మాసిపోతాయి, కట్లపాముకి తోకవైపు స్పష్టంగా ఉంటాయి. ఈ తేడా నాకు తెలిసి కూడా చారలున్న దేన్నీ చేత్తో ముట్టను. కట్లపాము కాటుకి నొప్పీ వాపూ పెద్దగా ఉండవు, కింద పడుకున్నవాళ్లు తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు, కనురెప్పలు వాలిపోతాయి. వానాకాలమంతా మంచం మీద పడుకోండి, దోమతెర అంచులు పరుపు కింద దోపండి.

చేపల చెరువుల చుట్టూ కట్టిన నైలాన్ వలల్లో నీరుకట్టెలు, తాచులు చిక్కుకుంటాయి. బ్లేడు తీసుకుని ఒంటరిగా కూర్చోవద్దు. తలని పైపులోకి పోనిచ్చి ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు తోక వైపు నుంచి కత్తిరించుకుంటూ రావాలి. తల దగ్గరి పోగు ఆఖరున.

ఇంత చెప్పినా కాటు పడొచ్చు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వెంటనే తీసేయండి, వాపు మొదలైతే రావు. తాడు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు పోయొద్దు. కరిచిన చేతికో కాలికో చెక్క ఆనించి కదలకుండా కట్టి, 108కి ఫోన్ చేయండి. కాటు పడిన టైము గుర్తుపెట్టుకోండి. పాముని చంపి తీసుకెళ్లక్కర్లేదు, తాచు, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర నాలుగింటికీ మన దగ్గర ఇచ్చే విరుగుడు ఒక్కటే. చిన్న పాము కదా అని ఇంట్లో కూర్చోవద్దు, గుడ్డులోంచి వచ్చిన రోజునే తాచుపిల్లకి విషం ఉంటుంది. ఏమీ కానట్టున్నా ఆసుపత్రిలో 24 గంటలు ఉండాలి.

గోదారి పాయల మధ్య లంక ఊళ్లలో ఉన్నవాళ్లు ఇంకో పని చేయాలి. జులై, ఆగస్టుల్లో గోదారి వరదకి కాజ్‌వేలు మునిగిపోతాయి, అంబులెన్సు మీ దాకా రాదు. రాత్రిపూట పడవ ఎవరు తీస్తారో, ఏ రేవుకి చేరాలో, అవతల బండి ఎవరు పెడతారో ఇప్పుడే మాట్లాడుకుని ఆ మూడు నంబర్లూ గోడ మీద రాసి పెట్టుకోండి. విరుగుడు మందూ వెంటిలేటరూ రెండూ ఉన్నది దగ్గర్లో ఏ ఆసుపత్రో ఈ వారమే వెళ్లి అడిగి రండి.

మేనల్లుడు ఈసారి కూడా వస్తానన్నాడు. పెరట్లో మట్టలన్నీ ఎత్తించేశాను. మిగిలిన పోగుని కదపడానికి ఆరడుగుల పంగల కర్ర ఒకటి వాడి కోసం గుమ్మం పక్కన ఆనించి పెట్టాను.