మాటల నడక – 4: పరువు పోగొట్టుకునే మాటలు

కిందటి పాఠంలో అర్థసంకోచం (మాట అర్థం ఇరుకవడం), అర్థవ్యాకోచం (అర్థం విస్తరించడం) చూశాం. చీర అంటే ఒకప్పుడు ఏ బట్టైనా సరే. అడవికి వెళ్లిన రామలక్ష్మణులు కట్టింది నారచీరలే కదా! నూనె అంటే మొదట నువ్వులదే, ఇప్పుడు ఏ గింజదైనా నూనే. పాత అర్థం 'నారచీర' లాంటి సమాసాల్లో దాక్కుని ఉంటుందన్న సంగతి గుర్తుంచుకోండి.

ఇవాళ్టిది అర్థగ్రామ్యత, అంటే మంచి అర్థమున్న మాట చెడ్డ అర్థంలోకి జారడం. పాఠ్యపుస్తకాలు దీనికి 'కంపు' ఉదాహరణ ఇస్తాయి. పాత కావ్యాల్లో పూల పరిమళానికీ చెల్లిన మాటకి ఇప్పుడు ముక్కు మూసుకుంటాం. వేదం చదివిన ఛాందసుడు కాస్తా పాతకాలపు మొండిమనిషి అయ్యాడు. ఇవి ఎప్పుడో జరిగిపోయినవి. నాకైతే కళ్లముందే జారుతున్న మాటలంటే ఇష్టం.

'వాసన' చూడండి. 'మల్లెల వాసన' అంటే ఇబ్బంది లేదు. "గదిలో వాసనొస్తోంది" అని ఊరుకోండి, విన్నవాళ్లు లేచి కిటికీ తీస్తారు. బాగుందని చెప్పాలంటే 'మంచి' అనో 'సు' అనో ముందు తగిలించాల్సి వస్తోంది. మనకు కావలసిన పరీక్ష ఇదే: మాటను ఏ విశేషణమూ లేకుండా ఒంటరిగా వాడి, ఎటు మొగ్గుతుందో చూడటం.

దీనికి ఎదురు నడక అర్థసౌమ్యత. సంస్కృతంలో సభికుడంటే జూదశాల నడిపేవాడు. ఇప్పుడు వేదిక మీంచి "సభికులకు నమస్కారం" అంటే ఎవరూ నొచ్చుకోరు.

మర్యాద కోసం తెచ్చుకున్న మాటలూ అరిగిపోతాయి. 'చను' అంటే వెళ్లడం. చచ్చాడనడానికి నోరు రాక చనిపోయాడన్నాం. అదీ మొరటుగా తోచినచోట పెద్దవాళ్ల విషయంలో కన్నుమూశారనో, కాలం చేశారనో అంటున్నాం. కుంటి, గుడ్డి అనడం తప్పని 'వికలాంగులు' అన్నాం. వికలం అంటే లోపమేగా అన్నారు. 2015 డిసెంబరులో ప్రధాని మోదీ 'దివ్యాంగులు' అనమన్నారు. లేని దివ్యత్వం అంటగట్టొద్దని హక్కుల కార్యకర్తల్లో కొందరు దాన్నీ కాదన్నారు. వాళ్లదే సబబనిపిస్తుంది నాకు. చూపు మారకుండా పేరు మారిస్తే కొత్త పేరుకీ పాత మరకే అంటుతుంది.

అభ్యాసం: ఘనకార్యం, నిర్వాకం, మహానుభావుడు. ఈ మూడింటితో ఎవరినైనా నిజంగా మెచ్చుకుంటూ తలో వాక్యం రాయండి. పైకి చదివి ఇంకొకరికి వినిపించండి. వాళ్లు నవ్వితే ఆ మాట పక్కన 'జారింది' అని రాసుకుని, పాత అర్థం కోసం నిఘంటువు తీయండి. వచ్చే పాఠం లోకనిరుక్తి, అంటే మాట ఎలా పుట్టిందో జనం తమకు తోచినట్టు చెప్పుకోవడం.