ఇమాటినిబ్ (క్యాన్సర్ మందు) నమూనాను ద్రవ క్రొమటోగ్రఫీ (హెచ్‌పీఎల్‌సీ) యంత్రంలోకి ఇంజెక్ట్ చేసే ముందు: మొబైల్ ఫేజ్ (కాలమ్ గుండా పారే ద్రావణం) అడిటివ్‌ల జాగ్రత్తలు

☐ ముందు డిటెక్టర్ ఏదో తేల్చుకోండి. యూవీ (అతినీలలోహిత కాంతి) అయితే ఫాస్ఫేట్ బఫర్, 0.1 శాతం ట్రైఇథైలమీన్ హాయిగా నడుస్తాయి. ఇమాటినిబ్‌లోని క్షార నైట్రోజన్ కాలమ్ సిలికా మీది సిలనాల్ (Si–OH) గుంపులను పట్టుకుని పీక్ తోక సాగుతుంది. ఈ అమీన్ దానికి అడ్డుపడుతుంది. మాస్ స్పెక్ట్రోమీటర్ అయితే రెండింటినీ దగ్గరికి రానివ్వొద్దు. ఫాస్ఫేట్ సోర్స్‌లో (అయాన్లు తయారయ్యే భాగం) ఉప్పుగా పేరుకుంటుంది. ట్రైఇథైలమీన్ పాజిటివ్ మోడ్‌లో (ధన అయాన్లను చూసేటప్పుడు) m/z 102 దగ్గర తిష్ఠ వేసి, ఎంత కడిగినా ఓ పట్టాన వదలదు.

☐ మాస్‌కు: లీటరుకు 0.63 గ్రాముల అమ్మోనియం ఫార్మేట్ (10 మిల్లీమోలార్), ఫార్మిక్ ఆసిడ్‌తో పీహెచ్ 3.5కు.

☐ పీహెచ్ ఎసిటోనైట్రైల్ కలపకముందే సరిచేయాలి. కలిపాక మీటర్ అంకెను నమ్మలేం.

☐ 0.22 మైక్రాన్ ఫిల్టర్ తప్పనిసరి. పాత ఫాస్ఫేట్ బఫర్ పారబోయండి, బూజు పడుతుంది.

☐ ఫాస్ఫేట్‌తో గ్రేడియెంట్ (రన్ సాగేకొద్దీ ఎసిటోనైట్రైల్ నిష్పత్తి మార్చడం) అయితే, ఎసిటోనైట్రైల్ అత్యధికంగా ఉండే నిష్పత్తిలో బీకరులో కలిపి చూడండి. మసకబారితే పంపులోనూ అదే జరుగుతుంది, సీల్స్ అరిగిపోతాయి.

☐ రన్ అయ్యాక నేరుగా ఎసిటోనైట్రైల్‌కు మారొద్దు. బఫర్ లేని 90:10 నీరు, ఎసిటోనైట్రైల్‌తో కనీసం 10 కాలమ్ వాల్యూమ్‌లు (కాలమ్‌లో పట్టే ద్రవానికి పది రెట్లు) పోనివ్వాలి.

☐ స్టాండర్డ్ పొడి తూచేటప్పుడు గ్లవ్స్. వేస్ట్ విడి సీసాలోకి. అందులో బ్లీచ్ పోయకండి.