చతుర్భుజం తేడా కొడుతోందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

చతుర్భుజాల లెక్కల్లో తప్పులు చాలావరకు ఒక్క అలవాటు వల్లే వస్తాయి. రెండు మూడు ఆకారాలకు ఉమ్మడిగా ఉండే ధర్మం ఒకటి కనిపించగానే ఇది ఫలానా ఆకారమే అని తేల్చేస్తాం. ఎదుటి భుజాలు సమానమైతే దీర్ఘచతురస్రం, కర్ణాలు (ఎదురెదురు మూలలను కలిపే గీతలు) లంబంగా ఖండించుకుంటే రాంబస్ (నాలుగు భుజాలూ సమానమైన ఆకారం) అనుకుంటాం. కింది సమస్యల్లో సగం ఇలా పుట్టినవే, మిగతావి కొలతల్లో పొరపాట్లు. మీకు ఏది ఎదురైతే నేరుగా అక్కడికే వెళ్లండి.

ఎదుటి భుజాలు సమానం, అయినా ఆకారం ఒరిగినట్టుంది

ఎదుటి భుజాలు సమానంగా ఉంటే అది సమాంతర చతుర్భుజం అని మాత్రమే తెలుస్తుంది. మూలలు లంబకోణాలని భుజాలు చెప్పలేవు. నాలుగు చెక్కలకు మూలల్లో ఒక్కొక్క మేకే కొట్టి చట్రం చేసి చూడండి. భుజాల పొడవులు మారకుండానే అది ఎటు తోస్తే అటు ఒరుగుతుంది.

ఇక్కడ టేపుతో కర్ణాలు కొలవాలి. చట్రం 60, 80 సెంటీమీటర్లదైతే రెండు కర్ణాలూ సరిగ్గా 100 రావాలి. ఒకటి 98, రెండోది దాదాపు 102 వచ్చిందంటే మూల 90 డిగ్రీలకు బదులు 87.6 దగ్గర ఉంది. పొడవైన కర్ణం రెండు చివర్లనూ పట్టుకుని లోపలికి నొక్కండి. అది తగ్గేకొద్దీ రెండోది పెరుగుతుంది. రెండూ సమానమైన చోట ఆపి బిగించండి.

మూలమట్టం పెట్టి చూస్తే చాలదా అంటే, సిద్ధాంతపరంగా చాలు. సమాంతర చతుర్భుజంలో ఒక్క మూల లంబకోణమైతే మిగతా మూడూ అవుతాయి. కానీ చిన్న మూలమట్టం మీద ఒక డిగ్రీ తేడా కంటికి ఆనదు. అదే ఒక డిగ్రీకి ఈ చట్రంలో కర్ణాల మధ్య ఒకటిన్నర సెంటీమీటర్లకు పైగా తేడా వస్తుంది. అందుకే నేనైతే కర్ణాలనే నమ్ముతాను.

కర్ణాలు సమానంగా ఉన్నాయి, కానీ దీర్ఘచతురస్రం కాదు

పై పరీక్షలో మొదటి సగం వదిలేస్తే వచ్చే తంటా ఇది. సమాంతర భుజాలు 4, 10 సెంటీమీటర్లు, మిగతా రెండూ చెరో 5 ఉన్న ట్రెపీజియం గీయండి. దాని కర్ణాలు కూడా సమానమే, రెండూ సుమారు 8.06. అయితే అవి ఒకదాన్నొకటి మధ్యలో ఖండించుకోవు. 2:5 నిష్పత్తిలో విడిపోతాయి. దీర్ఘచతురస్రం అనాలంటే కర్ణాలు సమానంగానూ ఉండాలి, ఒకదాన్నొకటి సమద్విఖండన కూడా చేసుకోవాలి. గాలిపటం ఆకారాన్ని రాంబస్ అనుకోవడమూ ఇలాంటిదే. అక్కడ కర్ణాలు లంబంగానే ఉంటాయి గానీ సగానికి తెగేది ఒక్కటే.

కోణాలు కలిపితే 360 రావట్లేదు

ఒకటి రెండు డిగ్రీల తేడా అయితే పెన్సిల్ గీత మందం, పట్టించుకోకండి. తేడా 60 లాంటి పెద్ద అంకె అయితే కోణమానినిలో రెండో వరుస చదివారు, 120 ఉన్న చోట 60 రాసుకున్నారు. కోణం లంబకోణం కన్నా పెద్దదా చిన్నదా అని ముందే కంటితో చూసుకుంటే ఈ బెడద ఉండదు. ఒక మూల లోపలికి నొక్కుకుపోయిన ఆకారమైతే అక్కడ బయటి కోణం కొలిచి ఉంటారు. దాన్ని 360లోంచి తీసేసి లోపలి కోణం వేసుకోండి.

సమీకరణం సాధించారు, జవాబు మాత్రం అర్థం లేకుండా ఉంది

సమాంతర చతుర్భుజం ఎబిసిడిలో కోణం బి, కోణం ఎకు రెట్టింపు కన్నా 30 డిగ్రీలు తక్కువ అనుకుందాం. రెండింటినీ సమానం చేస్తే ఎ విలువ 30 వస్తుంది, నాలుగు మూలలూ కలిపితే 120 దాటవు. ఎ, బి ఆసన్న కోణాలు, అంటే పక్కపక్క మూలల్లోవి. వాటి మొత్తం 180, అంటే ఎకు మూడు రెట్లు 210. కోణాలు 70, 110. సమానంగా ఉండేవి ఎదుటి కోణాలైన ఎ, సి. పేర్లు ఆకారం చుట్టూ వరుసగా రాసి పటం గీసుకుంటే ఈ తికమక అక్కడికక్కడే తేలిపోతుంది.

నాలుగు భుజాలు ఇచ్చారు, ఒక్కొక్కరికి ఒక్కో ఆకారం వస్తోంది

తప్పు మీది కాదు. చతుర్భుజం ఒకే రకంగా రావాలంటే మామూలుగా ఐదు కొలతలు కావాలి. ఒక కర్ణమో ఒక కోణమో ఇచ్చారేమో ప్రశ్న మళ్లీ చదవండి. కర్ణం ఇచ్చినా వృత్తలేఖినితో గీసిన చాపాలు కలవకపోతే కొలతలే కుదరనివి: 4, 5 భుజాల మీద 10 కర్ణం నిలవదు.

రాంబస్ భుజం రెట్టింపు వస్తోంది

కర్ణాలు 12, 16 అయితే భుజం 20 అని రాశారా? లంబకోణ త్రిభుజంలోకి వచ్చేవి సగం కర్ణాలు, 6, 8. భుజం 10. సరిచూసుకోవడానికి, రెండు కర్ణాల వర్గాలు కలిపితే నాలుగు భుజాల వర్గాల మొత్తం రావాలి: 144 + 256 = 400 = 4 × 100.