పరీక్షల రోజులు రాకముందే: బడి సిబ్బందికి కొన్ని జాగ్రత్తలు

పరీక్షలు దగ్గరపడేకొద్దీ తరగతిలో చిన్న విషయాలే పెద్దవవుతాయి. పెన్ను తీసుకున్నాడని కొట్లాట, మార్కులు చెప్పగానే ఏడుపు. ఏం చేయాలో అప్పటికప్పుడు ఆలోచిస్తే ముందు నోటికొచ్చేది అరుపే. అందుకే ఓ నెల ముందే అందరూ కూర్చుని మాట్లాడుకోండి. అందరూ అంటే టీచర్లే కాదు, ఆఫీసులో ఉండేవాళ్లు, ఆయాలు, బస్సు డ్రైవర్లు కూడా. పిల్లలు చాలాసార్లు మనసు విప్పేది వాళ్ల దగ్గరే.

లెక్క చేస్తున్నప్పుడు అంకెల్ని కాసేపు గుర్తుంచుకోవడానికి మనసులో ఉండే చోటు చాలా తక్కువ. అందులో భయం వచ్చి కూర్చుంటే వచ్చిన లెక్క కూడా రాదు. "నిన్న చేశావు కదా, ఇవాళేమైంది?" అని అడిగేముందు ఇది గుర్తుచేసుకోండి. పైగా ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందుభాగం 20 ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. పదమూడేళ్ల పిల్లాణ్ని "కంట్రోల్ చేసుకో" అనడం మనకు తేలికే.

పిల్లాడు రగిలిపోతున్నప్పుడు "ఎందుకు చేశావ్?" అని అడగొద్దు. ఆ సమయంలో వాడికీ తెలియదు. నలుగురి ముందు నిలదీస్తే పరువు కోసం ఇంకా మొండికేస్తాడు. గొంతు తగ్గించి, పక్కకు పిలిచి, "బాగా కోపం వచ్చినట్టుంది" అని ఒక్క మాట అనండి. మీ ఊహ తప్పైతే వాడే సరిదిద్దుతాడు. తర్వాత కాసేపు ఊరుకోండి (మన టీచర్లకు అన్నిటికంటే కష్టమైన పని ఇదే). అలాగని తప్పును వదిలేయమని కాదు. చింపిన పుస్తకానికి అట్ట వేయించాల్సిందే, కాకపోతే వాడు చల్లబడ్డాక.

అల్లరి చేసేవాళ్లు ఎలాగూ కంటపడతారు. ఉన్నట్టుండి మాట తగ్గిన పిల్లల మీదే ఎక్కువగా ఓ కన్నేసి ఉంచండి. తిండి మానడం, తరచూ కడుపునొప్పి అనడం, మాటిమాటికీ సెలవు పెట్టడం లాంటివి రాసిపెట్టుకోండి. "చచ్చిపోతే బాగుండు" లాంటి మాట వస్తే నాటకమని కొట్టిపారేయొద్దు. ఎవరికీ చెప్పనని మాటివ్వొద్దు, ఒంటరిగా వదలొద్దు. కౌన్సెలర్‌కూ ఇంట్లోవాళ్లకూ ఆ రోజే తెలియాలి. ఇంట్లోనే ఇబ్బంది ఉందని అనుమానమైతే ముందు కౌన్సెలర్‌తో మాట్లాడండి.

పరీక్షకు ముందు 10 నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాసుకున్న విద్యార్థులు మెరుగ్గా రాశారని 2011లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. కావాలంటే ప్రయత్నించండి, బలవంతం మాత్రం వద్దు. ఆ కాగితాలు మీరు చదవకూడదు.

ఇక మీ టెన్షన్ సంగతి. సిలబస్ పూర్తికాలేదన్న కంగారు గొంతులో ముందే తెలిసిపోతుంది. మీకే ఓపిక నశిస్తే ఐదు నిమిషాలు బయటికెళ్లి రావడానికి, ఆ తరగతిని ఎవరు చూసుకోవాలో ఇప్పుడే తేల్చుకోండి. ఏ పీరియడ్‌లో ఎవరు ఖాళీగా ఉంటారో రాసి స్టాఫ్ రూములో అంటించండి.