బంకమట్టి పెరడు: వానలకు ముందే చూసుకోవాల్సినవి

బంకమట్టిలో కూరగాయలు రావని చాలామంది చేతులెత్తేస్తారు. నిజానికి అది బలమైన నేల. దాని రేణువు 0.002 మిల్లీమీటర్ల కన్నా చిన్నది. అంత సన్నగా ఉండబట్టే నీటినీ పోషకాలనూ గట్టిగా పట్టి ఉంచుతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. రేణువుల మధ్య గాలి ఆడే సందు ఉండదు కాబట్టి తడిస్తే జిగురు, ఎండితే రాయి. నీళ్లు నిలిచిన చోట వేర్లకు ఊపిరాడక కుళ్లిపోతాయి. ఈ నేలను బాగు చేయడం పెద్ద విద్యేం కాదు గానీ, బాగు చేయబోయి పాడు చేయడం మాత్రం చాలా తేలిక. ఆ పాడంతా ఎక్కువగా వానల ముందు హడావిడిలోనే జరుగుతుంది.

అన్నిటికన్నా ముందు నేల పదును, అంటే తవ్వడానికి తగినంత తేమే ఉందో లేదో చూడండి. అర జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి ముద్ద చేసి, బొటనవేలితో నొక్కండి. పొడిపొడిగా విడిపోతే తవ్వొచ్చు. వేలిముద్ర పడి ముద్ద అలాగే ఉంటే పార పక్కన పెట్టేయండి, ఇంకో రెండు రోజులు ఆగాలి. అసలు ముద్దే కట్టనంత ఎండిపోయి ఉంటే ముందురోజు కొద్దిగా తడిపి ఉంచండి. తడి బంకమట్టిని తవ్వితే పార అంచు తగిలిన ప్రతిచోటా మట్టి మెత్తుకుపోయి, గోడకు పూత పూసినట్టు నున్నగా తయారవుతుంది. అది ఎండాక నీరూ దిగదు, వేరూ దిగదు. ఒక్క పూట తొందరపడితే ఆ సీజనంతా బెడ్డలు పగలగొట్టుకుంటూ కూర్చోవాలి. తడి మడిలో నడవడమూ అంతే నష్టం. తప్పనిసరైతే ఒక చెక్కపలక వేసుకుని దాని మీద నిలబడండి, బరువు ఒక్కచోట పడదు.

ఇక ఇసుక సంగతి. నేనూ ఒక ఏడాది ఈ పని చేశాను. మట్టి జిగురుగా ఉంది, ఇసుక కలిపితే వదులవుతుందనుకుని నాలుగు బస్తాలు కుమ్మరించాను. వానలు వెళ్లి ఎండ కాసేసరికి మడి ఇటుకలా బిగిసింది. మట్టి స్వభావం నిజంగా మారాలంటే పై పొరలో దాదాపు సగం ఇసుకే ఉండాలి. అంత ఎవరూ వేయలేరు. కొంచెం వేస్తే ఆ ఇసుక రేణువుల సందుల్ని బంక పూడ్చేసి మరింత గట్టిపడుతుంది. ఆ మడి మళ్లీ దారికి రావడానికి నాకు మూడేళ్లు పట్టింది.

పనికొచ్చేది బాగా చివికిన ఎరువు ఒక్కటే. కంపోస్టు, ఆకుల ఎరువు, చివికిన పశువుల ఎరువు, ఏదైనా సరే మొదటిసారి మూడు అంగుళాల మందాన పరిచి, ఆరేడు అంగుళాల లోతు వరకు కలపాలి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న స్థలానికి ఇది 25 ఘనపుటడుగులు అవుతుంది. చిన్న సంచి చాలదని ముందే తెలిస్తే మంచిది. తర్వాత ఏటా ఒక అంగుళం పైన పరిచినా చాలు, వానపాములే లోపలికి తీసుకెళ్తాయి.

ఎరువు చివికిందో లేదో చేయి పెట్టి చూడండి. కుప్ప మధ్యలో వేడి తగిలినా, ఘాటు వాసన వచ్చినా ఇంకా పచ్చిదే. పచ్చి పేడ లేత మొక్కల్ని మాడుస్తుంది, పైగా దానిలోని సూక్ష్మక్రిములు కాయల మీదికి చేరతాయి. నేలను తాకే కూరగాయలకైతే పచ్చి పేడ వేశాక కోతకు కనీసం 120 రోజుల ఎడం ఉండాలన్నది సేంద్రియ సాగులో వాడే లెక్క. పచ్చి రంపపు పొట్టు, ఎండుగడ్డి మట్టిలో కలపకండి. అవి చివికేటప్పుడు నేలలోని నత్రజనిని సూక్ష్మజీవులే వాడేసుకుంటాయి, మొక్కలు పసుపెక్కుతాయి. వాటిని పైన పరిస్తే ఆ భయం ఉండదు. బయటి నుంచి తెచ్చిన ఎరువులో కలుపు మందు అవశేషాలు ఉన్నాయని అనుమానమొస్తే ఒక కుండీలో వేసి నాలుగు చిక్కుడు గింజలు నాటండి. మూడు వారాల్లో ఆకులు మెలితిరిగితే ఆ ఎరువు మడికి వద్దు.

నీళ్లు ఎలా దిగుతున్నాయో కూడా వానకు ముందే తేల్చుకోవాలి. అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపి, ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి గంటకు అంగుళం కూడా తగ్గకపోతే నేల మట్టంలో నాటడం మానేసి ఎత్తు మడులు కట్టండి. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తు, నాలుగు అడుగుల వెడల్పు ఉంటే రెండు వైపుల నుంచీ చేయి అందుతుంది, లోపల కాలు పెట్టే పని ఉండదు. కాలువ తీసేటప్పుడు నీళ్లు ఇంటి గోడ వైపు పోకుండా వాలు చూసుకోండి.

జిప్సం, సున్నం గురించి ఒక్క మాట. జిప్సం సోడియం ఎక్కువున్న చౌడు నేలకు మందు, ప్రతి బంకమట్టికీ కాదు. సున్నం పులుపు (ఆమ్ల) నేలకే. మట్టి పరీక్ష చేయించకుండా రెండూ వేయొద్దు.

గునపం దించే ముందు కింద నీళ్ల పైపు, కరెంటు కేబుల్ ఎటు పోతున్నాయో కనుక్కోండి. చేతికి గ్లౌజులు, కాలికి బూట్లు ఉండాలి. టెటనస్ ఇంజెక్షన్ గడువు దాటిందేమో చూసుకోండి. ఎండిన బంక మీద పలుగుతో బలప్రదర్శన చేస్తే పట్టేది నడుమే.

ఇంతలోనే వాన మొదలైపోతే టెన్షన్ వద్దు. సిద్ధమైన సగం మడిలోనే నాటి, మొక్కల మధ్య ఎండాకులు రెండు అంగుళాల మందాన కప్పండి, కాండానికి మాత్రం ఆనకుండా. మిగతా సగంలో పచ్చిరొట్ట ఎరువుగా పనికొచ్చే జనుమో జీలుగో చల్లి వదిలేయండి. పూత మొదలవగానే కోసి అక్కడే పడేసి, నేల పదునుకు వచ్చాక కలిపి, రెండు మూడు వారాలాగి నాటుకోవచ్చు.