పాత ఇంటి స్విచ్‌బోర్డు మారుస్తున్నారా? ముందు అదనపు లోడ్‌కు దరఖాస్తు చేయండి

కడప పాత మిద్దెల్లో ఇప్పటికీ వాకిలి పక్కన చెక్క బోర్డు, దాని మీద ఇనుప మెయిన్ స్విచ్, రెండు పింగాణీ ఫ్యూజులు కనిపిస్తాయి. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులున్న కాలంలో బిగించిన బోర్డు అది. ఇప్పుడు దాని మీదే ఏసీ, గీజరు, మోటారు నడుస్తున్నాయి. ఫ్యూజు పోయినప్పుడల్లా ఇంకాస్త లావు తీగ చుడతారు. దయచేసి ఆ పని మానండి. లావు తీగ కాలదు, దాని బదులు గోడలోని వైరు కాలుతుంది.

ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసేముందు కరెంటు బిల్లు తీసి, అందులో మీ సర్వీసుకు ఎన్ని కిలోవాట్ల లోడ్ రాసి ఉందో చూడండి. చాలా పాత సర్వీసుల్లో ఒకటో రెండో ఉంటుంది. ఇప్పుడు ఇంట్లో ఉన్నవి కూడండి. ఒకటిన్నర టన్ను ఏసీకి సుమారు 1500 వాట్లు, గీజరుకు 2000, ఒక హెచ్‌పీ మోటారుకు 750, ఇస్త్రీపెట్టెకు 1000. ఈ నాలుగే 5 కిలోవాట్లు దాటాయి. అన్నీ ఒకేసారి వేయకపోవచ్చు కానీ, మే నెల సాయంత్రం నీళ్లొచ్చే వేళకు ఏసీ, మోటారు కలిసే నడుస్తాయి కదా. ఆ మొత్తం బిల్లులో రాసిన లోడ్‌ను దాటితే అదనపు లోడ్‌కు దరఖాస్తు చేయాలి.

మీటరు తర్వాతి బోర్డు, వైరింగ్ ఇంటివాళ్ల బాధ్యత. బోర్డు ఒక్కటే మార్చుకుంటే లోడ్ దరఖాస్తు అక్కర్లేదు. లోడ్ పెంచాలన్నా, మీటరు ఇంకో గోడకు జరపాలన్నా, త్రీఫేజ్ కావాలన్నా మాత్రం విద్యుత్ సంస్థ అనుమతి తప్పనిసరి. మీటరు సీలును మీరుగానీ మీ ఎలక్ట్రీషియన్‌గానీ ముట్టుకోకూడదు. విద్యుత్ చట్టం 2003 ప్రకారం అది నేరం.

కడప, కర్నూలు, అనంతపురం మూడూ తిరుపతి కేంద్రంగా ఉన్న విద్యుత్ సంస్థ ఏపీఎస్పీడీసీఎల్ పరిధిలో ఉన్నాయి. కర్నూలు, అనంతపురం వాళ్ల పాత కాగితాల మీద సీపీడీసీఎల్ అని ఇంకో విద్యుత్ సంస్థ పేరు ఉంటే కంగారు పడకండి, 2014 దాకా ఆ రెండు జిల్లాలు అందులోనే ఉండేవి. దరఖాస్తును సంస్థ వెబ్‌సైట్‌లో గానీ, మీసేవలో గానీ ఇవ్వొచ్చు. సర్వీసు నంబరున్న తాజా బిల్లు, ఆధార్, ఇంటి పన్ను రసీదు లేదా రిజిస్ట్రేషన్ పత్రం దగ్గర పెట్టుకోండి. పాత బకాయిలుంటే ముందే కట్టేయండి.

ఎక్కువమంది ఆగిపోయేది పేరు దగ్గర. సర్వీసు ఇంకా తాతగారి పేరు మీదే ఉంటుంది, ఆయన పోయి ఇరవై ఏళ్లయినా ఎవరూ మార్పించరు. లోడ్ సంగతి తర్వాత, ముందు పేరు మార్పు దరఖాస్తు పెట్టండి. వారసులు ఎక్కువమంది ఉంటే మిగతావాళ్ల సంతకాలకే నెలలు పడుతుంది, కాబట్టి ఈరోజే మొదలుపెట్టండి.

దరఖాస్తు ఇచ్చాక వచ్చే రిజిస్ట్రేషన్ నంబరు రాసిపెట్టుకోండి. పెంచే ప్రతి కిలోవాట్‌కూ డెవలప్‌మెంట్ ఛార్జీ, డిపాజిట్ ఉంటాయి. డబ్బు ఎవరి చేతికీ ఇవ్వకుండా రసీదు వచ్చే దారిలోనే కట్టండి.

ఇక బోర్డు పని. లైసెన్సున్న కాంట్రాక్టరుతోనే చేయించి, పని పూర్తయినట్టు ఆయన సంతకంతో కాగితం తీసుకోండి. లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్‌లతో పాటు 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ పెట్టించండి. మనిషికి షాక్ కొట్టినప్పుడు కరెంటును క్షణంలో ఆపేది అదే, ఎంసీబీ ఆ పని చేయదు. ఏసీకి, గీజరుకు వేర్వేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించండి.

అన్నిటికన్నా ముఖ్యం ఎర్తింగ్, అంటే లీకైన కరెంటును మూడో వైరు ద్వారా నేలలోకి పంపే ఏర్పాటు. పాత ఇళ్లలో మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటుంది, దాని వెనక రెండు వైర్లే ఉంటాయి. అంటే గీజరు బాడీకి కరెంటు పాకితే, దాన్ని తాకిన మనిషే దారి. మన సీమ నేల ఎండాకాలంలో గట్టిపడి, తడి లేక కరెంటును సరిగా లాక్కోదు. అందుకే ఆ వైరు దిగే ఎర్త్ గుంత లోతుగా తవ్వించి, వేసవిలో అప్పుడప్పుడు అందులో నీళ్లు పోయండి. పని అయ్యాక ఎర్త్ రెసిస్టెన్స్‌ను, అంటే కరెంటు నేలలోకి దిగడానికి ఎంత అడ్డు ఉందో, మీటరుతో కొలిచి చూపించమని అడగండి.

తర్వాత వచ్చే బిల్లులో కొత్త లోడ్ పడిందో లేదో చూడండి. పడకపోతే రిజిస్ట్రేషన్ నంబరుతో 1912కు ఫోన్ చేయండి.